మొదటి పదహారు పేజీలు

జూన్ 3

అక్కకి,

నేను క్షేమం. నా ఎడమ చెవి కూడా ప్రస్తుతానికి క్షేమమే. నువ్వు మొదట అడిగేది దాని గురించే కాబట్టి ముందే రాసేస్తున్నాను.

గది దొరికింది. ఒక సెలూన్ పైన. మెట్లు సెలూన్ లోపలి నుంచే ఉన్నాయి. అందుకని బయటికి వెళ్ళిన ప్రతిసారీ రెండు వరసల అద్దాల్లో ఆరుగురు నేనులు ఎదురవుతారు. ఆరుగురికీ క్షవరం కావాలి. సెలూన్ ఆయన్ని మొదటి రోజే బాబాయి అని పిలిచేశాను. ఆయన కూడా "ఏం అబ్బాయ్, విమానం ఇవాళైనా లేచిందా?" అని వరస కలిపేశాడు. గదికి వాలు కప్పు. లేచి నిలబడి మాట్లాడాలంటే నట్టనడుమ రెండడుగుల చోటు తప్ప ఎక్కడైనా తల తగులుతుంది. ప్రపంచాన్ని మార్చే నా ఆలోచనలన్నీ ఆ రెండడుగుల్లోనే నిలబడి చెప్పుకోవాలి.

ఇక బడి. ఒక రేకుల షెడ్డు, రెండు విమానాలు. ఒకటి ఎగురుతుంది, రెండోది దానికి విడిభాగాలు ఇస్తుంది. మాకు నేర్పే ఆయన పెద్దమనిషి, బక్కపలచన, నోట్లో నుంచి వచ్చే మాట ఒక్కటే: "నిదానం." ఎక్కేటప్పుడు నిదానం, దిగేటప్పుడు నిదానం, టీ తాగేటప్పుడు కూడా. అందరూ ఆయన్ని వెనకాల నిదానంగారనే అంటారు. నా సంగతి నీకు తెలుసుగా, ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

నిన్న మొదటిసారి పైకి తీసుకెళ్ళారు. దాని మీద నాలుగు పేజీలు రాసి చింపేశాను. క్లుప్తంగా చెప్తాను. ఆ ఎత్తు నుంచి ఒక్క కంచె కూడా కనిపించలేదు అక్కా. చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిదానంగారు అది గాలి వల్ల అనుకుని కిటికీ మూశారు.

ఇప్పుడు అసలు విషయం. కోప్పడకుండా చదువు. ఆరోగ్య పత్రం నింపమన్నారు. పదకొండో ప్రశ్న: "మీకు ఎప్పుడైనా తల తిరగడం, కళ్ళు తిరగడం జరిగినదా?" నేను "లేదు" అని రాశాను.

ఎందుకు రాశానో విను. ఏడాదికి నాలుగైదుసార్లు, అదీ పడుకుని ఎడమ పక్కకి తిరిగితే, అదీ అర నిమిషం, గది గిర్రున తిరిగితే దాన్ని జబ్బంటారా? విమానంలో ఎవడు పడుకుంటాడు? ఆ ప్రశ్నలోనే అన్యాయం ఉంది. మనిషి ఆశయాన్ని వదిలేసి చెవిని కొలిచే వ్యవస్థ ఇది. ఈ బడి నడిపే క్లబ్బు ఇచ్చే ఉచిత సీటు ఏడాదికి ఒక్కటి. రోడ్డు లేని ఊళ్ళకి డాక్టర్ని తీసుకెళ్ళే విమానం గురించి నేను రాసిన వ్యాసానికి ఇచ్చారు దాన్ని. సెప్టెంబరు ఆఖరు లోపల డాక్టరు సంతకం కావాలి, ఒంటరిగా ఒకసారి ఎగిరి దిగాలి. రెండిట్లో ఏది తప్పినా సీటు జాబితాలో రెండో పేరుకి పోతుంది. ఆ రెండో పేరు గడియారాలు బాగుచేసే అమ్మాయి. రోజూ వచ్చి షెడ్డు బయట బెంచీ మీద కూర్చుని ఊరికే చూస్తూ ఉంటుంది. నా వైపు చూసినప్పుడల్లా నా లోపల ఏ పళ్ళచక్రం అరిగిందో వెతుకుతున్నట్టే ఉంటుంది.

ఆగస్టులో డాక్టరు పరీక్ష. ఆ లోపల ఈ తిరుగుడు సంగతి నేనే తేల్చేస్తాను. మీ ప్రెస్సులో తల తిరుగుడు మీద ఒక చిన్న పుస్తకం అచ్చయిందన్నావు. పంపించు.

తమ్ముడు

జూన్ 12

ఒరేయ్ కరపత్రం,

ఉత్తరం అందింది. "కోప్పడకుండా చదువు" అన్న వాక్యం దగ్గర ఆగి, మంచినీళ్ళు తాగి, అప్పుడు కోప్పడ్డాను.

పద్నాలుగేళ్ళప్పుడు బడిలో బల్ల ఎక్కి ఉపన్యాసం ఇస్తూ దబ్బున పడ్డావు. నుదుటికి మూడు కుట్లు. ఎవరో తోసేశారని నువ్వు, ఆవేశం ఎక్కువైందని హెడ్మాస్టరు. ఆ రోజు పొద్దున్న మంచం మీద నుంచి లేస్తూనే గోడ పట్టుకున్నావని నాకు తెలుసు. అమ్మ పోయాక నీ తల పట్టుకుని కూర్చున్నదాన్ని నేను. "గోడకున్న మేకు వైపు చూడు, ఇంకెటూ చూడకు" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ మేకుకి కాలెండరు కూడా తగిలించనివ్వలేదు నువ్వు. ఇప్పుడు రెండక్షరాల్లో అదంతా చెరిపేశావు.

ఈ వారం ఎక్కాల పుస్తకం దిద్దుతున్నాను. పదమూడో ఎక్కంలో ఒక్క అంకె తప్పు వదిలితే ఊళ్ళో పిల్లలంతా పెద్దయ్యేదాకా తప్పు లెక్క కడతారు. రోజుకి నలభై పేజీల ప్రూఫులు దిద్దుతాను కానీ నీ చేత ఒక్క మాట దిద్దించడం నా వల్ల అయ్యేలా లేదు. వెళ్ళి ఆ పత్రం తిరిగి అడుగు. ఇంకా ఏం మించిపోలేదు.

నువ్వడిగిన పుస్తకం మొదటి ఫారం మాత్రమే దొరికింది. మిగతావి కట్టలు కట్టి పంపేశారు. ఫారం అంటే పదహారు పేజీలని నీకు వేరే చెప్పక్కర్లేదు, ఆ పదహారు పేజీల మీదే పెరిగావు. మిషను ఎక్కించేటప్పుడు మొదటి ఫారం దగ్గరే ఎక్కువ కాగితం పాడవుతుంది. ఆ పాడైనవి నేను ఇంటికి తెచ్చేదాన్ని, నువ్వు నమిలి మింగేసేవాడివి. అందుకే ఏ అన్యాయం ఎందుకు జరుగుతోందో నీకంతా తెలుసు. ఏం చెయ్యాలన్నది పదిహేడో పేజీలో మొదలవుతుంది. తప్పు నాదే.

వేళకి తిను. సెలూన్ బాబాయి చేత ఆ జుట్టు తీయించుకో.

అక్క

జూలై 1

అక్కకి,

జుట్టు తీయించుకున్నాను. దాని వెనక పెద్ద కథ ఉంది.

పుస్తకం అందగానే మూడుసార్లు చదివాను. పదిహేనో పేజీలో బంగారం లాంటి మాట ఉంది: "తిరుగుడికి భయపడేవారు తిరుగుడికే అలవాటు పడవలెను. తిరిగెడు కుర్చీలో కూర్చుని రోజుకు రెండు పూటలా సాధన చేయవలెను." ఈ ఊళ్ళో తిరిగే కుర్చీ ఎక్కడుందని వెతకబోయాను. నా మంచం కిందే మూడున్నాయి.

బాబాయి మొదట ఒప్పుకోలేదు. "కుర్చీ తిరిగేది మనిషిని తిప్పడానికి కాదు అబ్బాయ్, నేను చుట్టూ తిరక్కుండా ఉండటానికి" అన్నాడు. శాస్త్రం అంటే ఏమిటో అరగంట చెప్పాను. చివరికి బేరాలు లేని వేళ చూసి పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై చుట్లు తిప్పడానికి ఒప్పుకున్నాడు. మొదటి రోజు ఎనిమిదో చుట్టుకి దిగి, తలుపు అనుకుని అద్దంలోకి నడిచాను. మూడో రోజు లోపలికొస్తున్న పోస్టుమాస్టరుగారిని గట్టిగా కావలించుకున్నాను. ఆయన పాపం ఏదో శుభవార్త అనుకుని తిరిగి కావలించుకున్నారు. వారం తిరిగేసరికి జనం పనిగట్టుకుని నన్ను చూడటానికి క్షవరానికి వస్తున్నారు. బాబాయికి బేరం పెరిగింది. నాకు ఏం పెరిగిందో ఇంకా తేలలేదు. ఆరో రోజు నేను కుర్చీలో ఉన్నానని మర్చిపోయి ఆయన అలవాటు కొద్దీ దుప్పటి కప్పి కత్తెర అందుకున్నాడు. అదీ జుట్టు కథ.

పదహారో పేజీ చివర మాత్రం ఇలా ఉంది: "అయితే ఈ సాధన చేయువారు ముఖ్యముగా గమనింపవలసినది ఏమనగా". అంతే. ఏమనగా ఏమిటో నీకు తెలిస్తే రాయి.

ఎగరడం బాగానే సాగుతోంది. పైన ఒక్కసారి కూడా తిరగలేదు. మంచం మీద మాత్రం ఈ నెలలో రెండుసార్లు తిరిగింది. రెండుసార్లూ మేకు కోసం వెతికాను. ఈ గదిలో మేకు లేదు, వాలు కప్పు మీద ఒక తడి మరక ఉంది. అది కూడా తిరిగింది.

నువ్వు పత్రం తిరిగి అడగమన్నావు. ఆలోచించాను. నువ్వు చెప్పిన దానికన్నా పెద్ద పని చేద్దామనుకుంటున్నాను. ఒక మనిషి జవాబు దిద్దితే ఏం లాభం, ప్రశ్ననే దిద్దాలి. దీనితో జత చేసిన రాతప్రతి చూడు. పేరు "తల తిరిగేవాడి హక్కులు". ఎనిమిది పేజీలు. అందులో బల్ల మీద నుంచి పడ్డ కుర్రాడు "నాకు తెలిసిన ఒక మిత్రుడు". మేకు కూడా ఆ మిత్రుడిదే. నా పేరు ఎక్కడా లేదు. ఇది ఒక్కడి గొడవ కాదు కాబట్టి ఒక్కడి పేరు ఉండకూడదని నా సిద్ధాంతం. మీ ప్రెస్సులో మిగులు కాగితం మీద సిబ్బంది అచ్చు వేసుకోవచ్చన్నావు కదా, రెండు వందలు వేయించు.

దీన్ని పిరికితనం అంటావని తెలుసు. ఆ మాట మీద కూడా ఒక పేరా రాశాను, అయిదో పేజీలో.

తమ్ముడు

జూలై 14

ఒరేయ్,

కరపత్రాలు బస్సులో వేశాను. రెండు వందల ఆరు. ఆరు ఎక్కువ పడ్డాయి.

ముప్పై ఒక్క తప్పులు దిద్దాను. ఆశ్చర్యార్థకాలు పంతొమ్మిది కొట్టేశాను. "అందరికీ తెలిసిందే" అని రాసిన చోటల్లా ఆ మాట తీసేశాను, తెలిస్తే మళ్ళీ చెప్పడం ఎందుకు. అయిదో పేజీ పేరా మాత్రం ముట్టుకోలేదు. పిరికివాడు తన గురించి రాసుకున్నదాంట్లో అంత బాగున్నది నేనెప్పుడూ దిద్దలేదు. బల్ల మీద నుంచి పడ్డ చోట మిషను మీద మా ఫోర్‌మన్ కూడా ఆగి చదివాడు. "ఎవరండీ ఈ కుర్రాడు, పాపం" అన్నాడు. మా తమ్ముడి మిత్రుడన్నాను.

చివర ఉండవలసినవన్నీ పెట్టించాను. ఒకసారి చూసుకో.

నువ్వు అద్దంలోకి నడవడం, పోస్టుమాస్టర్ని పట్టుకోవడం నవ్వుకోడానికి రాశావు. నేను నవ్వలేదు. రోజూ నలభై చుట్లు తిరిగి, ఆ తర్వాత వెళ్ళి విమానం ఎక్కుతున్నావా? మీ నిదానంగారికి ఒక ఉత్తరం రాయాలని ఉంది. రాయను. కానీ రాయాలని ఉంది.

ఆ పుస్తకం రెండో ఫారం కోసం గోడౌన్లో వెతికిస్తున్నాను. ఏమనగా ఏమిటో తెలిసేదాకా ఆ కుర్చీ ఎక్కకు.

అక్క

జూలై 29

అక్కకి,

పైన "ప్రియమైన" అని నేనెప్పుడూ రాయలేదు కాబట్టి ఇప్పుడు తీసేసి కోపం చూపించే వీలు కూడా లేకుండా పోయింది.

నిన్న నిదానంగారు షెడ్డు వెనక్కి పిలిచారు. "నీకు తల తిరుగుతుందా?" అని అడిగారు. అంత సూటిగా. నేను ఏదో అన్నాను. ఏమన్నానో నాకే గుర్తులేదు, అందులో వ్యవస్థ అన్న మాట ఉంది. ఆయన విని, "చెవి డాక్టరు చీటీ తెచ్చేదాకా విమానం ఎక్కొద్దు. నిదానంగా తెచ్చుకో" అన్నారు. నిదానంగా తెచ్చుకోడానికి సెప్టెంబరు ఆఖరు దాకా గడువు. చేతికి చీపురిచ్చారు. ఇవాళ షెడ్డు ఊడ్చాను. బెంచీ మీద ఉండే రెండో పేరుని లోపలికి పిలిచి నా సీట్లో కూర్చోబెట్టి మీటర్లు చూపించారు. ఆ అమ్మాయి పెద్ద గడియారం దొరికినట్టు మురిసిపోయింది.

ఆయనకి ఎవరు చెప్పారు? బాబాయి చెప్పలేదు, ప్రమాణం చేశాడు. నా చెవి సంగతి భూమ్మీద తెలిసింది ఇంకొక్కరికే. "రాయను, కానీ రాయాలని ఉంది" అన్నావు. నువ్వు రాశావు. ఎంతైనా దిద్దకుండా ఉండలేవు కదా. మనిషి కనిపిస్తే చాలు, మార్జిన్లో గీత పెట్టాలి నీకు.

విచిత్రం ఏమిటంటే కరపత్రం ఇక్కడ బ్రహ్మాండంగా అందుకుంది. నా వాక్యాలు నాకు కంఠతా వచ్చు, అందుకని కట్ట విప్పీ విప్పగానే పంచేశాను. సెలూన్లో, పోస్టాఫీసులో, క్లబ్బులో. నిదానంగారికి నా చేతులతో నేనే ఇచ్చాను, ఇదెవరో రాశారట, చదవదగ్గది అని. ఆయన ఎనిమిది పేజీలూ నిలబడే చదివారు. చివర్లో ఏదో చిన్న అక్షరాలు చదవడానికి కళ్ళద్దాలు కూడా పెట్టుకున్నారు. తర్వాత నా వైపు చాలాసేపు చూశారు. నా శైలికి ముగ్ధులయ్యారనుకున్నాను. ఒక దర్జీ, ఒక లెక్కల టీచరమ్మ నేరుగా నా గదికే వచ్చి, తమకీ తల తిరుగుతుందని చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. నా గది వాళ్ళకెలా తెలిసిందో గానీ, నిజమన్నదానికి ఆ మాత్రం ఆకర్షణ ఉంటుంది.

అటు ఊరు నన్ను వెతుక్కుంటూ వస్తుంటే ఇటు సొంత అక్క వెనక నుంచి తోసింది. ఈసారి నిజంగానే ఎవరో తోశారు.

ఇక కొన్నాళ్ళు రాయను.

(సంతకం అక్కర్లేదు, చేతిరాత తెలుసుగా.)

ఆగస్టు 5

తమ్ముడికి,

నీ దగ్గర ఇంకా ఒక్క కరపత్రం మిగిలి ఉంటే తీసి, ఎనిమిదో పేజీ అడుగున చూడు.

చూశావా? "ప్రచురణ" అని ఉండి, పక్కన నీ పేరు, "సెలూన్ పైగది" అని నీ చిరునామా ఉంటాయి. దాని కింద మా ప్రెస్సు పేరు. ప్రచురించినవాడి పేరు, చిరునామా లేకుండా మేము చిన్న చీటీ కూడా అచ్చు వెయ్యం. నేను చేరిన మొదటి రోజు నేర్పిన మొదటి పాఠం అది. ఆ పేరు లేకపోతే ప్రూఫు మీద సంతకం పెట్టినదాని ఉద్యోగం పోతుంది. "చివర ఉండవలసినవన్నీ పెట్టించాను, చూసుకో" అని రాశాను కూడా. నువ్వు చివరిదాకా దేన్నీ చదవవని మర్చిపోయాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. రూలు లేకపోయినా పెట్టేదాన్నేమో. అంత నిజం రాసి కింద పేరు పెట్టుకోనివాణ్ణి నేను పెంచలేదనుకున్నాను. అది నా పొరపాటు. అడగాల్సింది.

నిదానంగారికి నేను అక్షరం రాయలేదు. కాగితం తీసి "అయ్యా" అని రాసి ఆపేశాను. ఆ కాగితం ఇంకా నా సొరుగులో ఉంది, కావాలంటే పంపుతాను. ప్రపంచంలో నిన్ను తోసినవాళ్ళు ఎవరూ లేరు, ఆ రోజూ లేరు, ఇప్పుడూ లేరు.

రెండో ఫారం దొరికింది. పుస్తకం కొనుక్కున్న ఒకాయన దగ్గరికి వెళ్ళి అడిగి తెచ్చాను. ఆయన వాడిన పుస్తకం కాబట్టి టీ మరకలున్నాయి. పదిహేడో పేజీ చదువు. గట్టిగా చదువు, బాబాయికి కూడా వినపడేలా.

అక్క

ఆగస్టు 21

అక్కా,

చదివాను. మొదట ఎనిమిదో పేజీ అడుగు, తర్వాత పదిహేడో పేజీ.

సెలూన్లో నిలబడి గట్టిగానే చదివాను. "ఏమనగా, ఇది అన్ని విధములైన తల తిరుగుడికి పనికిరాదు. పడుకుని ఒక పక్కకు తిరిగినప్పుడు మాత్రమే వచ్చునట్టి వారికి తిరుగుడు కుర్చీ వలన కాలయాపనయే గాని ప్రయోజనము లేదు. వారు చెవి వైద్యుని చూడవలెను." బాబాయి కత్తెర ఆపి, "అయితే ఆ ఎనిమిది వందల చుట్లూ?" అన్నాడు. కాలయాపన అన్నాను. "నా చెయ్యి నొప్పెట్టింది కాలయాపనకా" అని రెండు రోజులు మాట్లాడలేదు. మనిద్దరం మాట్లాడుకోని రోజుల్లో ఇంకొకరు కూడా మాట్లాడకపోతే ఎలా ఉంటుందో తెలిసొచ్చింది.

నీ మీద రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఎలా తీసుకోవాలో తెలీదు. నువ్వయితే ఒక గీత గీసి, తీసేయమని పక్కన కొక్కెం గుర్తు పెడతావు. అది పెట్టినట్టే అనుకో. "అయ్యా" కాగితం పంపొద్దు, సొరుగులోనే ఉండనీ.

చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఒక్కణ్ణే కాదు, దర్జీనీ టీచరమ్మనీ వెంటబెట్టుకుని వెళ్ళాను, ఉద్యమంలాగా. డాక్టరమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల ఎడమకి తిప్పి, ఒక్కసారి వెనక్కి పడుకోబెట్టింది. గది లేచి నా మీదికొచ్చింది. నేను ఆవిడ బల్లని రెండు చేతులా పట్టుకుని ఏదో నినాదం ఇచ్చానట. ఆవిడ నా కళ్ళలోకే చూస్తూ, "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో" అంది. ఒకరికి నా జబ్బు చూసి అంత సంతోషం కలగడం అదే మొదలు. తర్వాత తలని మెల్లగా కుడికి తిప్పి ఆపింది, పక్కకి దొర్లించి ఆపింది, లేపి కూర్చోబెట్టింది. నాలుగంటే నాలుగు నిమిషాలు. మళ్ళీ పడుకోబెడితే గది కదల్లేదు.

చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయట. అవి వాటి చోటు వదిలి పక్క గొట్టంలోకి జారతాయట. అంతే. పద్నాలుగేళ్ళ వయసు నుంచి నాలో పట్టనన్ని ఆలోచనలు ఉండటం వల్ల తల తిరుగుతోందని లోలోపల కొంచెం గర్వంగా ఉండేది అక్కా. ఇసుకట.

టీచరమ్మకీ ఇదే, ఆవిడకి కుడి చెవి. నాలుగు నిమిషాల్లో బాగుపడి రిక్షా కూడా ఎక్కకుండా నడిచి వెళ్ళింది. దర్జీది మాత్రం వేరేదట, మందులిచ్చారు. కరపత్రం వల్ల లోకానికి జరిగిన మేలు ప్రస్తుతానికి ఒకటిన్నర మనుషులు.

సంతకం మాత్రం వెంటనే పెట్టలేదు. నాలుగు వారాలు ఆగి మళ్ళీ చూస్తానంది. మళ్ళీ రావచ్చని కూడా చెప్పింది. ఆ "రావచ్చు"ని చీటీలో రాసింది.

చీటీ పట్టుకుని నిదానంగారి దగ్గరికి వెళ్ళి, పాత పత్రం ఇవ్వండి, దిద్దుతాను అన్నాను. ఆయన ఇచ్చారు. "లేదు" కొట్టేసి "ఉంది" అని రాసి పక్కన సంతకం పెట్టాను. ఆయన చూసి, "అబద్ధం రాసినందుకు ఇంకో నెల షెడ్డు ఊడవాలి" అన్నారు. మరి ఎనిమిది పేజీలు నిజం రాసినందుకో అని అడిగాను. "అందుకే నెల. లేకపోతే పంపేసేవాణ్ణి" అన్నారు. క్లబ్బు కమిటీకి మాత్రం చెప్పక తప్పదట.

ఊడుస్తున్నాను.

తమ్ముడు

సెప్టెంబరు 30

అక్కా,

డాక్టరమ్మ ఇరవై నాలుగో తారీఖున సంతకం పెట్టింది. నాలుగు వారాల్లో ఒక్కసారి కూడా తిరగలేదు. ఎడమ పక్కకే పడుకున్నాను, పంతం కొద్దీ.

కమిటీ ఇరవై ఆరున సీటు తీసేసింది.

చెవి వల్ల కాదు, "లేదు" వల్ల. కాగితం మీద అలాగే రాసి ఉంది. ఆఖరిదాకా చదివాను, రెండుసార్లు. కోపం తెచ్చుకుందామని రెండడుగుల చోట నిలబడ్డాను. రాలేదు. అలవాటైన చోట కోపం రాకపోతే ఏం చెయ్యాలో తెలీక కూర్చున్నాను. తర్వాత ఏడ్చాను. కిటికీ మూసే ఉంది కాబట్టి గాలి మీద నెట్టడానికి కూడా లేదు.

ఇవాళ రెండో పేరు ఒంటరిగా ఎగిరింది. చక్రాల కింద దిమ్మెలు లాగింది నేనే. ఎక్కే ముందు నా వైపు వంగి, "ఎడమ పెడల్ కొంచెం గట్టిగా ఉంటుందన్నావు కదా, నిజమేనా?" అని అడిగింది. నిజమే అన్నాను. ఈ మధ్య నేను చెప్పిన దాన్ని అడిగి నిర్ధారించుకుంటున్నారు అందరూ. ఒక చుట్టు తిరిగి, వచ్చి, ఆకు రాలినంత మెత్తగా దిగింది. చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను. లోపల ఎలా ఉందని అడక్కు.

సాయంత్రం మబ్బు పట్టింది. నిదానంగారు నన్ను పిలిచి, "బరువుకి ఒకళ్ళు కావాలి, రా" అన్నారు. బరువుకైనా పనికొచ్చానని ఎక్కాను. నేరుగా మబ్బులోకి తీసుకెళ్ళారు. చుట్టూ తెలుపు, ఇంకేం లేదు. కళ్ళు మూసుకోమన్నారు. "విమానం ఎటు వెళ్తోంది?" అన్నారు. తిన్నగా అన్నాను. "తెరువు" అన్నారు. మీటరు చూస్తే చాలాసేపటి నుంచి ఎడమకి తిరుగుతున్నాం. నా పని అయిపోయింది, ఇసుక మళ్ళీ జారిందనుకున్నాను. ఆయన చక్రం నా చేతికిచ్చి తాను కళ్ళు మూసుకున్నారు. "ఇప్పుడు నేను చెప్తాను. తిన్నగా." ఆయనా తప్పే చెప్పారు. ముప్పై ఏళ్ళ నుంచి ఎగురుతున్న మనిషి.

"మబ్బులో ఎవడి చెవైనా ఇంతే. ఏదో ఒక్కదాని వైపు చూస్తూ ఉండాలి. అది తిరగదు" అని, మీటర్లలో నడుమ ఉన్నదాని మీద వేలు పెట్టారు. అందులో అడ్డంగా ఒక తెల్లగీత.

నాకు ఏం గుర్తొచ్చిందో నీకు వేరే రాయక్కర్లేదు. దానికి కూడా కాలెండరు తగిలించనివ్వను.

దిగాక చెప్పారు. వచ్చే ఏడాది సీటుకి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చట. ఆయన కమిటీలో మాట్లాడారట, అదీ రెండు వాక్యాలు. అప్పటిదాకా షెడ్డులో పని ఇస్తారు, చీపురు నుంచి నూనె డబ్బాకి ఎదిగాను. కొత్త ఆరోగ్య పత్రం దీనితో పంపుతున్నాను. పదకొండో ప్రశ్నకి ఇచ్చిన చోటు చాలక వెనక ఆరు పేజీలు జత చేశాను. నువ్వు చూశాకే ఇస్తాను.

తమ్ముడు

అక్టోబరు 9

ఒరేయ్ కరపత్రం,

సీటు గురించి చదివి కాసేపు ప్రూఫులు పక్కన పెట్టాను. ఎక్కాల పుస్తకం రెండో ముద్రణ వచ్చింది, పదమూడో ఎక్కం కళ్ళకి ఆనలేదు. అంతకన్నా రాయను.

నీ పత్రం దిద్ది పంపుతున్నాను. ఆరు పేజీలూ కొట్టేశాను. బాగున్నాయి, దాచుకో, ఇక్కడ అక్కర్లేదు. పదకొండో ప్రశ్న దగ్గర "ఉండేది, కానీ ఇప్పుడు దాదాపుగా లేనట్టే" అని రాశావు. "ఉంది. డాక్టరు చీటీ జత చేశాను" అని మార్చాను. చాలు. వాళ్ళు అడిగింది అంతే.

గది ఖాళీ చెయ్యక్కర్లేదు కదా, అయితే బాబాయిని అడిగి మంచానికి ఎదురుగా ఒక మేకు కొట్టించుకో. ఆయన చెయ్యి నొప్పి తగ్గాక.

చివరి పేజీ అడుగున నీ పేరు, చిరునామా నువ్వే రాసుకున్నావు. రెండుసార్లు చూశాను. అక్కడ దిద్దాల్సిందేమీ కనపళ్ళేదు.

అక్క